పసుపు రాసిన డిస్కులు

జయకృష్ణకి భయపడటానికి కారణం అక్కర్లేదు, చోటు దొరికితే చాలు. దసరా వెళ్ళిన ఆ వారంలో, పొద్దున్నుంచి వాన విడవకుండా పడుతున్న రోజున, అతనికి దొరికిన చోటు ఆమదాలవలస స్టేషన్ రోడ్డులోని కల్యాణి డిజిటల్ స్టూడియో గుమ్మం.

గొడుగు మడిచి లోపలికి వెళ్ళాలా, మడవకుండా వెనక్కి వెళ్ళిపోవాలా అని ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఈలోగా కౌంటర్ వెనకనుంచి హర్షిత చూడనే చూసింది.

"ఏటండీ, మళ్ళీ పాస్‌పోర్ట్ ఫొటోలేనా?"

"అవునండి. ఎనిమిది కాపీలు."

"పోయిన నెల తీసినవి ఏటయ్యాయి?"

"అయిపోయాయండి."

"అయిపోడానికి అవి పకోడీలేటండీ?"

"అప్లికేషన్లు ఎక్కువండి. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు..."

"అన్ని పరీక్షలు రాసిన మొహంలా లేదు మరి. మీ కుడి చెంప మీద పుట్టుమచ్చ ఎక్కడుందో మీకన్నా నాకు బాగా తెలుసు. తీసేద్దామా ఉంచేద్దామా అని ప్రతి నెలా నేనే తల బద్దలు కొట్టుకుంటన్నాను."

జయకృష్ణ చెయ్యి దానంతట అది చెంప మీదికి వెళ్ళింది.

అసలు సంగతి మనం చెప్పుకోవాలి గానీ అతను చెప్పడు. శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం అతనిది. సొంతూరు పాతపట్నం, ఇంట్లో వ్యవసాయం. అతను ఏ పరీక్షకీ అప్లికేషన్ పెట్టలేదు. పెట్టెనిండా తన ఫొటోలే ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడు హర్షిత కెమెరా పక్కనుంచి తల బయటపెట్టి, "ఇటు సూడండి" అంటుంది. ఆమెని కళ్ళెత్తి చూడటానికి అతనికున్న అనుమతి అదొక్కటే. ఆ ఒక్క మాట కోసం నెలకోసారి తల దువ్వుకుని వస్తాడు.

ఈ రోజు ఆమె వెక్కిరింతలో మామూలు జోరు లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది చూడగానే జయకృష్ణకి కొత్త భయం పట్టుకుంది.

"ఒంట్లో బాగోలేదా అండి?"

"నాకు బాగానే ఉన్నాది. మా డబ్బాకే బాగోలేదు. ఈ రోజు ఫొటోలు లేవండి, మీరెళ్ళండి," అంది హర్షిత. అని, అతని టీషర్టు మీద బొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఈ పక్షి ఏటి?"

"పెంగ్విన్ అండి. లైనక్స్ అని..."

"మా డబ్బా ఆన్ సేస్తే తెర మీద మూలని ఇదే కూర్చుంటాది. మీకు దీని సంగతి తెలుసా?"

తెలీదంటే వెనక్కి వెళ్ళిపోవచ్చు. తెలుసంటే లోపలికి వెళ్ళాలి. రెండూ భయమే.

"కొంచెం తెలుసండి," అన్నాడు.

హర్షిత కౌంటర్ పలక పైకెత్తింది. "రండి. బూట్లు అక్కడ విడవండి."

స్టూడియో వెనకే ఉన్న ఈ ఇంట్లోకి అడుగుపెట్టే రోజు గురించి జయకృష్ణ చాలా రకాలుగా ఊహించుకున్నాడు. తడిసిన సాక్సులతో మాత్రం ఊహించుకోలేదు.

*

లోపలి గదిని ఆ ఇంట్లో మిక్సింగ్ గది అంటారు. హర్షిత తండ్రి మురళీమోహన్ పెళ్ళిళ్ళు వీడియో తీసుకొస్తే, హర్షిత ఈ గదిలో కూర్చుని కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పెళ్ళికొడుకు మొహం గులాబీలోంచి విచ్చుకునేలా చేస్తుంది. డిగ్రీ అయ్యాక ఆమె పట్టుబట్టి నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు ఆమదాలవలస చుట్టుపక్కల పెళ్ళివాళ్ళు "మురళి తీత, అమ్మాయి మిక్సింగ్" అని కోరి మరీ వస్తున్నారు.

తీసిన పెళ్ళిళ్ళన్నీ ఒక మూల ఉన్న పెద్ద కంప్యూటర్ డబ్బాలో దాస్తారు. జనం తెచ్చే పెన్‌డ్రైవుల వైరస్ పడకుండా ఉంటుందని చినబాబు అనే కుర్రాడు అందులో విండోస్ బదులు లైనక్స్ వేసి వెళ్ళాడు. ఆ చినబాబు ఇప్పుడు హైదరాబాదులో ఎక్కడున్నాడో, అతని ఫోను మోగడం మానేసి చాలా కాలమైంది.

"పండగయ్యాక ఈ పొద్దున్నే ఆన్ సేశాను. నల్ల తెర వచ్చి పాస్‌వర్డ్ అడుగుతన్నాది. కొడితే ఇంకేవో అంటన్నాది. నాకేటీ అర్థం కావట్లేదు."

"ముఖ్యమైనవి ఉన్నాయా అండి అందులో?"

హర్షిత అతనివైపు చూసింది. "అన్నీ అందులోనే ఉన్నాయండి."

ఒకప్పుడు పెళ్ళికి ఇన్ని అని టేపులుండేవి. బూజు పడుతున్నాయి, డిస్కులో పెడదామని తండ్రిని ఒప్పించింది హర్షితే. టేపులు చెత్తలోకి పోయాయి. ఆ రోజు మురళీమోహన్ ఒకటే మాట అన్నాడు. "అన్నీ ఒకే దాంట్లో పెడతన్నావు. అది పోయిందంటే ఈ గదికి తాళమేసేస్తాను. మిక్సింగ్ విశాఖలో సేయించుకుంటాను. నువ్వు బుద్ధిగా పెళ్ళి సేసుకుని ఎళ్ళిపో." విశాఖ సంబంధం ఒకటి అప్పటికే చూరు పట్టుకుని వేలాడుతోంది. పెళ్ళయ్యాక అమ్మాయి పని చెయ్యనక్కర్లేదు అని ఆ పెళ్ళివారు గొప్పగా చెప్పారు కూడా.

"మధ్యాహ్నం అప్పలసూరి గారు వియ్యాలవారిని తీసుకుని వస్తన్నారు," అంది హర్షిత. అప్పలసూరి ఆ ఊళ్ళో ధాన్యం వ్యాపారి. "శ్రావణంలో వాళ్ళ అమ్మాయి గౌరి పెళ్ళి తీశాం. పెద్ద టీవీలో సూపిస్తామన్నాం. వీడియో పోయింది, పెళ్ళి మళ్ళీ సేసుకోండి అని సెప్పలేం కదా."

నవ్వుదామని అన్న మాటే గానీ నవ్వు రాలేదు.

"పాస్‌వర్డ్ కొట్టండి," అన్నాడు.

"అటు తిరగండి."

అతను బుద్ధిగా గోడవైపు తిరిగాడు. కీబోర్డు టకటకలాడింది. ఇటు తిరిగాక కుర్చీలో కూర్చుని, తనకి బాగా అలవాటైన ఎఫ్‌డిస్క్ అనే టూల్‌ని పిలిచాడు. ఏయే డిస్కులున్నాయి, వాటిలో ఏయే పార్టిషన్లు, అంటే ఏయే భాగాలు, ఉన్నాయి చెప్పమన్నాడు.

లైనక్స్ ఉన్న చిన్న డిస్కు బాగానే ఉంది. దాని తర్వాత రెండు పెద్ద డిస్కులు కనిపించాయి. ఒకదాన్ని యంత్రం బి అంటోంది, రెండోదాన్ని సి అంటోంది. రెండూ ఒకటే సైజు, నాలుగు టెరాబైట్లు. రెండింటి కిందా ఒకటే మాట: సరైన పార్టిషన్ టేబుల్ లేదు.

జయకృష్ణ మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే వచ్చింది.

"ఏటంటన్నాది?" అంది హర్షిత.

అతను మూడోసారి కొట్టాడు.

"మీ మొహం నాకు తెలుసండి. ఇలాటి మొహం ఒక్క ఫొటోలో కూడా లేదు. ఏటంటన్నాదో సెప్పండి."

"రెండూ ఖాళీ అంటోందండి."

హర్షిత పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

*

"రెండు డిస్కులు ఎందుకున్నాయండి?" అని జయకృష్ణ నెమ్మదిగా అడిగాడు.

"పాతది నిండిపోవచ్చిందని పండక్కి కొత్తది కొన్నాం. అదే కంపెనీ, అదే సైజు."

జయకృష్ణ కరెంటు ఆపి డబ్బా పక్క రేకు విప్పాడు. లోపల రెండు పెద్ద డిస్కులూ నిండా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్లతో, పెళ్ళికూతుళ్ళలా కూర్చుని ఉన్నాయి. పేరు, నంబరు ఉండే చీటీలు పసుపు కింద ఉన్నాయి. వేలితో తుడిస్తే పసుపుతోపాటు అక్షరాలూ వచ్చేశాయి.

"ఇదేటండి?" అన్నాడు. భయం ముదిరితే అతని కాలేజీ తెలుగు పాతపట్నం బస్సెక్కేస్తుంది.

"ఆయుధపూజ బాబూ," అని గుమ్మంలోంచి జవాబొచ్చింది. హర్షిత నాన్నమ్మ అసిరమ్మ. "కెమేరాలకి పెట్టాం, లైట్లకి పెట్టాం. ఈ డబ్బాలో అసలు ఆయుధం ఏదిరా అని మావోడిని అడిగితే, లోపల ఉన్నాయమ్మా అన్నాడు. లోపలున్నదానికి పైన బొట్టు పెడితే సరిపోతాదేటి? బయటికి తీయించినాను. పళ్ళెంలో పెట్టి నాను సేతులారా రాసినాను. పసుపొక్కటే కాదు, గంధం కూడా కలిపినాను."

"మళ్ళీ ఎవరు పెట్టారండి లోపల?"

"మావోడే."

మావోడు అప్పుడే వచ్చాడు. మురళీమోహన్ అప్పలసూరి ఇంటికెళ్ళి, రేపు రమ్మని బతిమాలి, లాభం లేక తిరిగొచ్చాడు. వియ్యాలవారు భోజనాలు చేసి బయల్దేరుతున్నారట. కుర్చీలో ఉన్న కొత్త మనిషిని చూసి ఆగాడు.

"ఇతనెవరు?"

"పాస్‌పోర్ట్ ఫొటోల ఆయన, నాన్నా."

"ఓ, ఎనిమిది కాపీలు," అన్నాడు మురళీమోహన్. జయకృష్ణకి నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది.

విషయం విన్నాక మురళీమోహన్ అరవలేదు. అరిచినా బాగుండేది. విశాఖలో డిస్కు కొన్న షాపువాడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. షాపువాడు తేలిగ్గా చెప్పేశాడు. రెండిట్లో ఏది కొత్తదో దాన్ని పార్టిషన్ చేసి ఫార్మాట్ కొట్టండి, పాతదాంట్లోంచి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగి ఇందులో పొయ్యండి, ఎంతో కొంత వస్తుంది. ఫోన్ పెట్టేశాడు.

"సెయ్యండి బాబూ," అన్నాడు మురళీమోహన్.

"ఏది కొత్తదండీ?"

"పైది," అంది అసిరమ్మ.

"కిందది," అంది హర్షిత.

"పీకి పెట్టినవాణ్ణి నేను. నాకే గుర్తు లేదు," అన్నాడు మురళీమోహన్.

జయకృష్ణ రేకు బిగించి మళ్ళీ ఆన్ చేశాడు. చినబాబు రాసిపెట్టిన సెట్టింగులు తెరిచి చూశాడు. పెళ్ళిళ్ళు బి డిస్కులో ఉంటాయని ఉంది. కాబట్టి బి పాతది. కాబట్టి సి కొత్తది. లెక్క బాగానే కుదిరింది. అందరి మొహాల్లో కాస్త ప్రాణం వచ్చింది. అతనికి మాత్రం రాలేదు.

ఇక ఏ టూల్ వాడాలన్నది మిగిలింది.

"డిస్కంటే మా పాతపట్నంలో పొలం లాంటిదండి," అన్నాడు హర్షితతో. మాట్లాడుతూ ఉంటే భయం కాస్త తగ్గుతుందని ఆశ. "ముందు గట్లు వెయ్యాలి. తర్వాతే నాటు. ఈ ఎఫ్‌డిస్క్ ఉంది చూశారూ, గట్లు వెయ్యడంలో నాకు చిన్నప్పటి నేస్తం. కానీ రెండు టెరాబైట్లు దాటితే దానికి లెక్క రాదు. ఇంత పెద్ద పొలం అది కొలవలేదు."

"మరి ఎవరు కొలుస్తారు?"

"ఇద్దరున్నారు. జీడిస్క్, పార్టెడ్."

"ఎవరు మంచోళ్ళు?"

"జీడిస్క్ అండి. మనం ఏం చెప్పినా మనసులో పెట్టుకుంటుంది. చివర్లో డబ్ల్యూ కొట్టి అవునంటేనే డిస్కు మీద రాస్తుంది. వద్దనుకుంటే క్యూ కొట్టి లేచి వచ్చెయ్యొచ్చు. ఏమీ కాదు."

"రెండోది?"

"పార్టెడ్‌కి మనసులో పెట్టుకోవడం చేతకాదండి. గట్టు వెయ్యమని ఎంటర్ కొడితే, వేసేసినట్టే. మా కాలేజీలో సీనియర్ ఒకాయన పొరపాటున వేరే డిస్కు పేరు కొట్టాడు. ఒక్క ఎంటర్. పిల్లల ప్రాజెక్టులన్నీ పోయాయి. ఆయన అలా తెర వైపు చూస్తూ నిలబడిన మొహం నాకిప్పటికీ కల్లోకి వస్తుంది. అప్పట్నుంచి దాని జోలికి వెళ్ళలేదు. పేరు కూడా కొట్టను."

హర్షిత అతన్ని కాసేపు చూసింది. "మీరు జీడిస్క్ రకం అన్నమాట. అన్నీ మనసులోనే."

మురళీమోహన్ దగ్గాడు. జయకృష్ణ తల వంచుకుని తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న జీడిస్క్‌ని తెరిచాడు. సి డిస్కు ఇచ్చాడు. పార్టిషన్లేవీ లేవు, కొత్త టేబుల్ తయారుచేస్తున్నానంది. మొదట్నుంచి చివరిదాకా ఒకటే పెద్ద పార్టిషన్ అని చెప్పాడు. సరేనంది. డబ్ల్యూ కొట్టాడు. ఉన్నదంతా పోవచ్చు, నిజంగా రాయమంటావా అని అడిగింది. వై కొడితే అయిపోతుంది.

వై మీద వేలు పెట్టాడు. నొక్కలేదు.

వెనక మురళీమోహన్ ఊపిరి వినిపిస్తోంది. అసిరమ్మ పెదవులు కదుపుతూ ఏదో దేవుణ్ణి పిలుస్తోంది. బయట ఎవరిదో కారు ఆగిన చప్పుడైతే అందరూ ఉలిక్కిపడ్డారు. అది అప్పలసూరి కారు కాదు. ముందుకి పోయింది.

"కొట్టండి బాబూ," అన్నాడు మురళీమోహన్.

జయకృష్ణ వేలు వణికింది. ఆ వణుకు కీ మీద చిన్నగా టకటకమంది. ఇంకొంచెం వణికితే అదే నొక్కుకుపోతుంది. హర్షిత చటుక్కున వంగి అతని మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

ఇంకో రోజైతే జయకృష్ణ ఆ పట్టుకి ఆనందంతో పడిపోయేవాడు. ఇప్పుడు భయంతో పడిపోకుండా ఆ చెయ్యే ఆపింది.

"మీకెందుకు భయమేస్తన్నాదో నాకు సెప్పండి," అంది.

"లెక్క కుదిరింది గానీ నాను కళ్ళతో సూడలేదండి. సి ఖాళీదే అని ఎవలు సెప్పినారు? ఎఫ్‌డిస్క్ సెప్పింది. అది బి కూడా ఖాళీ అనే సెప్పింది. బి ఖాళీ అంటే అబద్ధం అనుకుంటన్నాం, సి ఖాళీ అంటే నిజం అనుకుంటన్నాం." పాతపట్నం పూర్తిగా వచ్చేసింది.

"ఆ పార్టెడ్ని అడగండి."

"అది ఎంటనే సేసేస్తాదండి."

"గట్టు ఎయ్యమంటే ఎంటనే ఏస్తాది. సూసి సెప్పమంటే?"

జయకృష్ణ తెరవైపు తిరిగాడు.

"సూసి సెప్పమంటే సూసే సెప్తాది కదా?" అంది హర్షిత. చెయ్యి ఇంకా వదల్లేదు. "మా నాన్నమ్మ ఒక్కోసారి కోపమొస్తే సెంబు విసిరేస్తాది. అలాగని ఏటి వండావని అడగడం కూడా మానేస్తామేటి?"

"నా మీద పడ్డావేటే," అంది అసిరమ్మ.

జయకృష్ణ ఎన్ కొట్టాడు. క్యూ కొట్టాడు. జీడిస్క్ ఏమీ రాయకుండా మర్యాదగా వెళ్ళిపోయింది. అప్పుడు, ఇన్నేళ్ళుగా కొట్టని పేరు, ఒక్కో అక్షరమే కొట్టాడు. చూపించు అన్న మాట తప్ప ఇంకేమీ అడగలేదు. ఎంటర్ కొట్టేముందు కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి," అంది హర్షిత. "ఇటు సూడండి."

తెరిచి చూశాడు. బి డిస్కు: గుర్తించదగిన లేబుల్ ఏమీ లేదు. సి డిస్కు: లేబుల్ దగ్గర లూప్ అని ఉంది. దాని కింద ఒకే ఒక వరస. మొదట్నుంచి చివరిదాకా, నాలుగు టెరాబైట్లూ, ఒక ఫైల్ సిస్టం, అంటే ఫైళ్ళున్న చోటు.

జయకృష్ణ చాలాసేపు ఆ వరస చదివాడు. తర్వాత కీబోర్డు మీదనుంచి రెండు చేతులూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏటి? ఏటైంది?" అన్నాడు మురళీమోహన్.

"పెళ్ళిళ్ళు సి లో ఉన్నాయండి. బి కొత్తది. పండక్కి తీసి పెట్టినప్పుడు మీరు అటుది ఇటు పెట్టేశారు, పేర్లు చోటుని బట్టే మారాయి. యంత్రం ఖాళీదాన్ని తెరిచి, పెళ్ళిళ్ళు లేవని పొద్దున్నుంచీ మొత్తుకుంటోంది."

"మరి రెండూ ఖాళీ అన్నాది కదా?" అంది హర్షిత.

"చినబాబుకీ నాకొచ్చిన కష్టమే వచ్చుంటుందండి. ఎఫ్‌డిస్క్‌కి ఇంత పొలం కొలవడం రాదు. అతను అసలు గట్లే వెయ్యలేదు. పొలమంతా ఒకే మడిగా నాటేశాడు. లూప్ అంటే అదే. ఎఫ్‌డిస్క్ గట్ల కోసం చూస్తుంది, గట్లు లేకపోతే ఖాళీ అంటుంది. జీడిస్క్ కూడా అంతే. పంట ఉందో లేదో చూసింది పార్టెడ్ ఒక్కటే."

అందరూ నవ్వారు. జయకృష్ణ నవ్వలేదు.

"ఇందాక నేను వై కొట్టబోయింది సి మీదండి," అన్నాడు. "టేబుల్ రాసి, ఫార్మాట్ కొట్టి ఉంటే ఇవన్నీ పోయేవి. నా చేత్తోనే."

నవ్వులు ఆగిపోయాయి. మురళీమోహన్ గోడకి చేరబడ్డాడు. అతను ఎత్తకపోతే ఆ సంగతి ఎవరికీ తట్టేది కాదు. ఇంత పిరికివాడు ఆ మాట ఎందుకు చెప్పాడో హర్షితకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అతన్ని కొత్తగా చూసింది.

*

మార్చడానికి వీల్లేకుండా, చూడ్డానికి మాత్రమే సి డిస్కుని తెరిచాడు. పెళ్ళిళ్ళ పేర్లు వరసగా తెర నిండా కనిపించాయి. మిక్సింగ్ కంప్యూటర్లో హర్షిత గౌరి పెళ్ళి పెట్టింది. సన్నాయి ఒక్కసారిగా గదంతా నిండింది. తెర మీద పెళ్ళికొడుకు జీలకర్రా బెల్లం పెడుతూ తుమ్మాడు, గౌరి తల వంచుకుని నవ్వింది. హర్షిత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అసిరమ్మ పోయి తెరకి దండం పెట్టింది.

అప్పలసూరి వియ్యాలవారితో వచ్చాడు. పెద్ద టీవీ ముందు కూర్చుని, తన బొజ్జ కనిపించినప్పుడల్లా ఇబ్బందిపడుతూ, వియ్యపురాలి నగలు కనిపించినప్పుడల్లా సౌండు పెంచమంటూ మొత్తం చూశాడు. వెళ్ళేటప్పుడు, "అమ్మాయి మిక్సింగ్ అంటే మిక్సింగే," అని మురళీమోహన్ భుజం తట్టాడు. లోపల ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక మురళీమోహన్ మిక్సింగ్ గదిలోకి వచ్చాడు. "బాబూ, ఆ ఖాళీదానికి గట్లేవో ఏసేసి, ఇందులోవన్నీ అందులోకి కూడా పోసెయ్యండి. ఇంక ఒక్కదాని మీద ప్రాణాలు పెట్టుకోలేను."

ఈసారి జయకృష్ణ పార్టెడ్‌నే పిలిచాడు. బి అని తనే చదివాడు, హర్షిత చేత చదివించాడు, మళ్ళీ తను చదివాడు. వణుకుతున్న చేత్తోనే ఎంటర్ కొట్టాడు. గట్టు పడింది. ఫార్మాట్ అయ్యాక కాపీ మొదలైంది. అంకెలు నత్తలా కదులుతున్నాయి.

హర్షిత టీ తెచ్చింది. వాన తగ్గి చూరునుంచి చుక్కలు పడుతున్నాయి.

"మా సీనియర్‌లా మీ ముందు నిలబడాల్సి వస్తుందని చచ్చిపోయానండి," అన్నాడు జయకృష్ణ.

"నాకూ భయమే. గది పోతాదని పొద్దున్నుంచీ భయం. మీరు ఆ మాట సెప్పాక ఇంకో భయం కలిసింది."

"ఏటండి?"

"ఇంత భయపడ్డ మనిషి ఇంక ఈ గుమ్మం తొక్కడేమోనని."

జయకృష్ణ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. చెప్పాల్సిన మాట మనసులోనే ఉండిపోయింది. హర్షిత కాసేపు ఎదురుచూసింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది.

ముందుగదిలో మురళీమోహన్ ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆదివారమేనా? రండి, రండి. అమ్మాయి ఇంట్లోనే ఉంటాది." ఫోను పెట్టేసి తల్లికి చెప్పాడు. "విశాఖోళ్ళమ్మా. సూసుకోడానికి వస్తారట."

హర్షిత గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె వీపు వైపు చూస్తుంటే, పొద్దున్నుంచి పడ్డ భయాలన్నీ కలిపినా దీనికి సరిపోవని జయకృష్ణకి తెలిసిపోయింది. లేచాడు. ముందుగదిలోకి నడిచాడు.

"ఏవండీ, ఆలని రావొద్దనండి," అన్నాడు.

"ఎవరిని?"

"విశాఖోళ్ళని. మీ అమ్మాయిని నాను సేసుకుంటానండి. నాకు ఏ పరీక్షలూ లేవు. ఫొటోలన్నీ అబద్ధం. అమ్మాయి గారికి ఇష్టమైతేనే. ఇష్టం లేదంటే కాపీ అయ్యేదాకా ఉండి ఎల్లిపోతాను."

అంతా ఒకే ఊపిరిలో చెప్పేశాడు. చెప్పేశాక కౌంటర్ పట్టుకున్నాడు.

మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది అసిరమ్మకే.

"ఎవలబ్బాయివి? ఇంటిపేరేటి?"

చెప్పాడు. పాతపట్నంలో ఏ వీధో చెప్పాడు. అసిరమ్మ వేళ్ళు మడుస్తూ రెండు తరాలు వెనక్కి వెళ్ళి వచ్చింది. "వీడి మేనత్తని మా మేనకోడలు కూర్మమ్మ మరిదికి ఇచ్చినారు కదరా. వరస కలుస్తాది. బావ వరసే."

మురళీమోహన్ కూతురివైపు చూశాడు. "నువ్వేటంటావే?"

"నా గది?" అంది హర్షిత. తండ్రిని కాదు, జయకృష్ణని అడిగింది.

"గది ఇక్కడే ఉంటాదండి. నానే ఇటు వస్తాను. కాలేజీకి ఇక్కణ్ణుంచే ఎల్లొస్తాను."

హర్షిత ఇంకేమీ అడగలేదు. "ఆదివారం వద్దని సెప్పెయ్ నాన్నా," అంది.

మురళీమోహన్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ నేనే తీశాను. అల్లుడి కాళ్ళు కడుగుతా తండ్రులు ఏడుస్తంటే, మొహం మీద లైటేసి మరీ తీశాను. నీ పెళ్ళికి నేను పీటల మీద కూర్చుంటే కెమేరా ఎవడు పట్టుకుంటాడే? ఒకవేళ నాకు ఏడుపొచ్చిందంటే?"

ఆయన కళ్ళలో ఉన్నది భయమే. హర్షిత వెళ్ళి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"ఎవరో ఒకరు తీస్తారు నాన్నా. మిక్సింగ్ నేనే సేసుకుంటాను. నువ్వు ఏడ్సినది ఒక్క ముక్క కూడా కట్ సెయ్యను."

మురళీమోహన్ తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. అప్పుడు కౌంటర్ పట్టుకుని నిలబడ్డ జయకృష్ణవైపు చూశాడు.

"ఒరే, నిలబడిపోయావేటి? ఎల్లి ఆ కాపీ ఎంతవరకొచ్చిందో సూడు."

జయకృష్ణ పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళాడు.